తూటా కంటే చెట్టే డేంజర్! అమెరికా జింకల వేటలో నడుములు విరగ్గొడుతున్న పాత మంచెలు

తెల్లవారుజాము నాలుగున్నర. గడ్డకట్టే చలి. చిమ్మచీకటి. భుజాన తుపాకీ, ఒంటి మీద దళసరి కోటు, కాళ్లకు బరువైన బూట్లు. ఎదురుగా ఓ ఓక్ చెట్టు. దాని కాండానికి మేకులతో కొట్టిన చెక్కముక్కలే మెట్లు. ఇరవై అడుగుల ఎత్తులో, రెండు కొమ్మల మధ్య ఎప్పుడో బిగించిన నాలుగు పలకలే కుర్చీ. పోయినేడాది కూర్చున్నాడు, ఏమీ కాలేదు. అంతకుముందు ఏడాదీ కూర్చున్నాడు, ఏమీ కాలేదు. ఈసారి మాత్రం పైనుంచి మూడో మెట్టు మీద కాలు పెట్టగానే మేకు ఊడి చేతికొచ్చింది.

అమెరికాలో జింకల వేట సీజన్ వచ్చిందంటే ఆసుపత్రుల ట్రామా విభాగాలకు చేరే కేసుల్లో ఇలాంటివి మామూలే. వేట ప్రమాదం అనగానే అందరికీ గుర్తొచ్చేది తుపాకీ, గురితప్పిన తూటా. లెక్కలు చూస్తే మాత్రం సీన్ రివర్స్. వేటగాడికి తుపాకీ కంటే ఎక్కువ ముప్పు తెస్తున్నది అతను ఎక్కి కూర్చునే మంచె. అందులోనూ ఇంట్లో మిగిలిన చెక్కలతో సొంతంగా కట్టుకున్నవి, తాతల కాలం నుంచి చెట్టుకే ఉండిపోయినవి మరీ ప్రమాదకరం.

అసలు ఈ మంచెల గొడవేంటి? ఇన్ని ప్రమాదాలు జరుగుతున్నా జనం ఎందుకు ఎక్కుతున్నారు? చూడటానికి గట్టిగా కనిపించే పలక ఎందుకు మోసం చేస్తుంది? మన ఊళ్లలో చెట్లెక్కేవాళ్లకు ఇందులో పాఠం ఏమైనా ఉందా? వివరంగా చూస్తే...

అసలేంటీ ట్రీ స్టాండ్?

మన జొన్నచేలల్లో పిట్టలను తోలడానికి వేసే మంచె తెలుసు కదా. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, దానిమీద నిలబడి వడిసెల తిప్పుతారు. అమెరికా వేటగాళ్ల ట్రీ స్టాండ్ కూడా దాదాపు అలాంటిదే. తేడా ఒక్కటే. మన మంచె గుంజల మీద నిలబడితే, వాళ్లది ప్రాణమున్న చెట్టునే ఆసరా చేసుకుంటుంది.

మన దేశంలోనూ ఒకప్పుడు వేటకు మంచెలు వాడినవాళ్లే. రుద్రప్రయాగ్ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి వణికించిన చిరుతను జిమ్ కార్బెట్ 1926లో మట్టుబెట్టింది ఓ మామిడి చెట్టు మీద కట్టిన మంచె నుంచే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర జింకను వేటాడటం నేరం. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వాలే లైసెన్సులు ఇచ్చి, సీజన్ ప్రకటించి, ఎన్ని కొట్టొచ్చో కూడా చెబుతాయి.

దీనికీ ఓ కారణం ఉంది. 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి విచ్చలవిడి వేట వల్ల అక్కడ తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. ఆ తర్వాత చట్టాలు కఠినమయ్యాయి. 1937లో తెచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు మళ్లింది. జింకలు కోలుకున్నాయి. ఎంతగా అంటే ఇప్పుడు వాటి సంఖ్య సుమారు 3 కోట్లు ఉంటుందని అంచనా. చాలాచోట్ల వాటిని తినే తోడేళ్లు లేవు. పంటలు పాడవుతున్నాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడుతున్నాయి. అందుకే వేటను అక్కడి ప్రభుత్వాలు జింకల సంఖ్యను అదుపులో పెట్టే మార్గంగా చూస్తాయి. 2022లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం 16 ఏళ్లు దాటిన అమెరికన్లలో కోటీ 40 లక్షల మందికి పైగా వేటకు వెళ్లారు.

చెట్టే ఎందుకెక్కాలి?

జింక ముక్కు మహా చురుకు. నేల మీద కూర్చున్న మనిషి వాసనను గాలివాటంలో ఇట్టే పసిగడుతుంది. అదే పదిహేను, ఇరవై అడుగుల పైన కూర్చుంటే ఆ వాసన చాలావరకు దాని తల మీదుగా వెళ్లిపోతుంది. పైగా జింకలు తల పైకెత్తి చూడటం తక్కువ. పొదలు అడ్డురాకుండా దూరం వరకు కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పైనుంచి కిందికి కాలిస్తే గురి తప్పినా తూటా నేలలో దిగుతుంది. అదే నేల మీద నుంచి కాలిస్తే ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

అంటే తుపాకీ ప్రమాదాన్ని తగ్గించే పద్ధతే పడిపోయే ప్రమాదాన్ని నెత్తికెక్కించింది. అసలు మెలిక ఇక్కడే ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఈ ముప్పు కొత్తదేం కాదు. జార్జియా రాష్ట్రంలో 1979 నుంచి 1989 వరకు నమోదైన జింకల వేట గాయాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 1989లోనే విశ్లేషించింది. వాటిలో 36 శాతం ట్రీ స్టాండ్‌లకు సంబంధించినవేనని తేలింది.

ఆ తర్వాత ఒహాయో రాష్ట్రం మధ్య ప్రాంతంలోని రెండు ట్రామా సెంటర్ల డాక్టర్లు 1998 నుంచి 2007 వరకు తమ దగ్గరికి వచ్చిన వేట కేసులను తిరగేశారు. మొత్తం 130 మంది. అందులో సగం మంది పైనుంచి పడినవాళ్లే. తుపాకీ గాయాలతో వచ్చింది 29 శాతం మంది. పడినవాళ్లలో దాదాపు అందరూ ట్రీ స్టాండ్ మీద నుంచి పడ్డవాళ్లే. వాళ్లలో సగానికి పైగా మందికి వెన్నెముక విరిగింది. ఎక్కువమందికి ఆపరేషన్ తప్పలేదు. కొందరికి నరాలు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. 2010లో ఈ అధ్యయనం అచ్చయినప్పుడు దాని శీర్షికలోనే విషయం తేల్చేశారు. వేటగాడికి అత్యంత ప్రమాదకరమైన ఆయుధం తుపాకీ కాదు, ట్రీ స్టాండేనని.

మరి ఇన్నేళ్లుగా తెలిసినా ఈ విషయం ఎందుకు పెద్దగా చర్చకు రాలేదు? ఒక కారణం లెక్కల్లోనే ఉంది. తుపాకీ పేలితే పోలీసులు వస్తారు, వేట అధికారులు వస్తారు, కేసవుతుంది. చెట్టు మీద నుంచి పడితే అంబులెన్స్ వస్తుంది, అంతే. కొన్ని రాష్ట్రాల్లో తుపాకీ లేదా బాణం ప్రమేయం లేని గాయం వేట ప్రమాదాల జాబితాలోకే ఎక్కదు. కాలు బెణికి, పక్కటెముక విరిగి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయినవాళ్ల సంగతి సరేసరి.

మరోవైపు తుపాకీ ప్రమాదాలు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయి. వేటకు ముందు తప్పనిసరి శిక్షణ, దూరం నుంచే కనిపించే మెరిసే నారింజ రంగు జాకెట్ల నిబంధన బాగా పనిచేశాయి. అంటే నియమం పెట్టి, నేర్పితే ప్రమాదం తగ్గుతుందని రుజువైంది. చెట్టెక్కే విషయంలో మాత్రం అంత గట్టి నియమం లేదు. సొంత భూమిలో, సొంత చెట్టుకు, సొంత చేత్తో కట్టుకున్న మంచెను తనిఖీ చేసేవాళ్లు ఎవరూ లేరు.

మేకు ఎందుకు మోసం చేస్తుంది?

సొంతంగా కట్టిన మంచెల్లో ఎక్కువ వాటికి ఆధారం మేకులే. ఇక్కడ చాలామందికి ఓ అపోహ ఉంది. చెట్టు పెరిగేకొద్దీ మేకు కూడా పైకి పోతుందని. పోదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివర్లలో. ఐదడుగుల ఎత్తులో కొట్టిన మేకు ఇరవై ఏళ్లయినా ఐదడుగుల దగ్గరే ఉంటుంది. కాండం మాత్రం ఏటేటా లావెక్కుతుంది. ఆ లావు చెక్కను బయటికి నెడుతుంది. మేకు కదలదు, చెక్క మాత్రం తోసుకుంటూ వస్తుంది. కొన్నాళ్లకు మేకు తల చెక్కలోకి దిగిపోతుంది, లేదా మేకే సగం బయటికి వస్తుంది. బయటి నుంచి చూస్తే చెక్క చెట్టుకు అంటుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల పట్టు ఉండదు.

రెండోది తేమ. మేకు దిగిన చోట వాన నీళ్లు ఇంకుతాయి. ఇనుము తుప్పు పడుతుంది, దాని చుట్టూ చెక్క చివికిపోతుంది. పలక పైభాగం ఎండకు ఆరి గట్టిగా కనిపిస్తుంది. మేకు చుట్టూ ఉన్న అంగుళం మేర మాత్రం పుచ్చిపోయి ఉంటుంది. బరువంతా పడేది సరిగ్గా ఆ అంగుళం మీదే.

మూడోది గాలి. చాలామంది రెండు మూడు చెట్ల మధ్య దూలాలు కొట్టి అరుగులా కడతారు. గాలి వీస్తే ఒక్కో చెట్టు ఒక్కోలా ఊగుతుంది. మధ్యలో బిగించిన దూలాన్ని అటొకటి, ఇటొకటి లాగుతుంటాయి. ఒక్కో గాలివానకు మేకు ఓ వెంట్రుకవాసి వదులవుతుంది. ఏళ్లు గడిచేసరికి పరిస్థితి ఏంటో చెప్పక్కర్లేదు.

నాలుగోది మెట్లు. చెట్టుకు అడ్డంగా చెక్కముక్క పెట్టి రెండు మేకులు కొడితే అదే మెట్టు. అందులో ఒకటి ఊడినా మిగిలిన మేకు చుట్టూ మెట్టు గిర్రున తిరుగుతుంది. చీకట్లో, తడి బూట్లతో, చేతులకు గ్లవ్స్ వేసుకుని ఎక్కేవాడికి ఆ విషయం కాలు జారాకే తెలుస్తుంది. పైన మంచు పొర ఉంటే ఇక చెప్పేదేముంది!

ఇంతా చేసి నష్టం చెట్టుకు కూడా. కాండంలో మిగిలిపోయిన మేకు మీద కాలక్రమంలో బెరడు కప్పేస్తుంది. ఆ చెట్టును ఎప్పుడో కోసేటప్పుడు రంపానికి తగిలితే పళ్లు విరిగి ఎగిరిపడతాయి. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు ప్రభుత్వ వేట భూముల్లో చెట్టుకు హాని చేసే స్టాండ్‌లను నిషేధించడానికి ఇదీ ఓ కారణమే. ప్రైవేటు భూమిలో మాత్రం యజమాని ఇష్టం.

పాత ఫ్యాక్టరీ స్టాండ్‌లూ సేఫ్ కాదు

కొన్న స్టాండ్ కాబట్టి భయం లేదనుకుంటే పొరపాటే. 1970ల నాటి తొలితరం క్లైంబింగ్ స్టాండ్‌లు ఇప్పటికీ కొందరి షెడ్లలో ఉన్నాయి. ఓ ప్లైవుడ్ పలక, దాన్ని చెట్టుకు పట్టి ఉంచే ఇనుప కమ్మీ. అంతే. వేటగాడు చెట్టును రెండు చేతులతో కావలించుకుని, పాదాలతో పలకను పైకి లాక్కుంటూ ఎక్కాలి. బెరడు నున్నగా ఉన్నా, తడిగా ఉన్నా పలక పట్టు తప్పుతుంది. పలక కిందికి జారిపోతే మనిషి చెట్టును కావలించుకుని గాల్లో ఉండిపోతాడు. తర్వాత వచ్చిన మోడళ్లలో చేతులకూ విడిగా ఓ ఫ్రేమ్ ఇచ్చారు, పై భాగాన్నీ కింది భాగాన్నీ తాడుతో కలిపారు.

ఏళ్ల తరబడి చెట్టుకే వదిలేసిన ఇనుప స్టాండ్‌లదీ అదే కథ. లారీల్లో సరుకు బిగించే పట్టీల్లాంటి నైలాన్ స్ట్రాప్‌లే వాటిని పట్టి ఉంచుతాయి. ఎండ తగిలేకొద్దీ నైలాన్ పెళుసవుతుంది. ఉడతలు కొరుకుతాయి. చెట్టు లావెక్కుతుంటే పట్టీ బిగుసుకుని తెగడానికి సిద్ధంగా ఉంటుంది. రంగు వెలిసిన పట్టీని చూసి పోయినేడాది బాగానే ఉంది కదా అనుకుంటే, ఆ ఏడాదిలో దాని బలం ఎంత తగ్గిందో కంటికి కనిపించదు.

బరువు విషయంలోనూ జనం లెక్క తప్పుతున్నారు. చాలా ఫ్యాక్టరీ స్టాండ్‌ల పరిమితి 300 పౌండ్లు, అంటే దాదాపు 136 కిలోలు. ఇది మనిషి బరువొక్కటే కాదు. కోటు, బూట్లు, బ్యాగు, తుపాకీ అన్నీ కలిపి. చేత్తో కట్టిన మంచెకైతే అసలు పరిమితి ఎంతో కట్టినవాడికే తెలియదు.

ఇరవై అడుగులు... ఒక్క సెకను

ఇరవై అడుగుల నుంచి పడితే ఏమవుతుంది? స్కూల్లో చదివిన లెక్కే. నేల తగలడానికి పట్టే సమయం సెకను కంటే కాస్త ఎక్కువ. అప్పటికి వేగం గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. అంటే ఆ వేగంతో వెళ్తున్న బండి మీద నుంచి గోడకు గుద్దుకున్నట్టు. కొమ్మ పట్టుకుంటాననో, కాళ్ల మీద దిగుతాననో అనుకోవడానికి కూడా టైమ్ ఉండదు. కాళ్ల మీద పడినా ఆ దెబ్బ మడమల నుంచి నడుముకు పాకుతుంది. వెన్నుపూసలు నలిగేది అలాగే.

పడ్డాక అసలు కష్టం మొదలవుతుంది. వేటగాడు సాధారణంగా ఒంటరిగా వెళ్తాడు. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉన్నా, ఫోన్ పైన వేలాడుతున్న బ్యాగులో ఉంటే ఏం లాభం? నడుము విరిగి కదల్లేని మనిషికి నవంబర్ చలిలో గంటలు గడవడమంటే గాయం కంటే చలే ముందు ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లోవాళ్లేమో సాయంత్రం వరకు ఎదురుచూస్తారు. ఎందుకంటే చీకటి పడ్డాకే వస్తానని చెప్పి వెళ్లాడు కదా.

ఇంకో కోణం వయసు. అమెరికాలో వేటగాళ్ల తరం ముసలిదవుతోంది. పాతికేళ్ల వయసులో కట్టిన మంచెను అరవై ఐదేళ్లకు ఎక్కుతున్నవాళ్లు ఉన్నారు. చెక్కా పాతబడింది, మోకాళ్లూ పాతబడ్డాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రాణాంతకమే.

ఎక్కేటప్పుడే అసలు గండం

పైన కూర్చుని కునుకు తీస్తే పడిపోతారని చాలామంది అనుకుంటారు. అదీ నిజమే. తెల్లవారుజామున మూడింటికి లేచి, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. అయితే ఎక్కువ ప్రమాదాలు జరిగేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మెట్టు మీద నుంచి పలక మీదికి అడుగు మార్చేటప్పుడు. ఇది గమనించాల్సిన పాయింట్. ఎందుకంటే చాలామంది పైకి చేరాకే బెల్టు పెట్టుకుంటారు. దిగేముందు విప్పేస్తారు. అసలు ముప్పున్న రెండు సమయాల్లోనూ ఒంటి మీద రక్షణ ఉండదన్నమాట.

బెల్టుల్లోనూ పాత, కొత్త తేడా ఉంది. ఒకప్పుడు నడుముకో, ఛాతీకో ఒకే పట్టీ కట్టుకునేవారు. కొందరైతే ఉత్త తాడే. పడినప్పుడు ఆ పట్టీ పైకి జారి ఛాతీని నొక్కేస్తుంది, ఊపిరాడదు. నేల మీద పడకుండా ఆపిన బెల్టే ప్రాణం తీసే పరిస్థితి. అందుకే ఇప్పుడు నిపుణులు ఒకటే మాట చెబుతున్నారు. భుజాలు, ఛాతీ, తొడలను కలిపి పట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్ తప్ప ఇంకేదీ వాడొద్దని. ప్రమాణాలు పాటించే కంపెనీలు స్టాండ్‌తో పాటే దీన్ని కూడా ఇస్తున్నాయి.

హార్నెస్ ఉంటే ఇక ఫర్వాలేదా అంటే, అక్కడా ఓ మెలిక ఉంది. పడి గాల్లో వేలాడుతున్నప్పుడు తొడల పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి. గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. ఇలా కదలకుండా వేలాడితే స్పృహ తప్పి, అరగంట లోపే ప్రాణం పోయే ప్రమాదముందని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా హెచ్చరించింది. అందుకే హార్నెస్‌తో పాటు కాలు పెట్టి నిలబడేందుకు ఓ చిన్న పట్టీ ఇస్తారు. వేలాడుతున్నా కాళ్లు ఆడిస్తూ, ఆ పట్టీ మీద బరువు మోపుతూ ఉంటే సహాయం వచ్చేవరకు నిలబడొచ్చు. సొంతంగా తిరిగి మంచె మీదికి చేరడం ఎలాగో ముందే నేల దగ్గర ప్రాక్టీస్ చేయాలి.

నిపుణులు చెబుతున్న జాగ్రత్తలివే

- కాలు నేల మీద నుంచి లేచిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేవరకు హార్నెస్ చెట్టుకు తగిలించే ఉండాలి. దీనికోసం చెట్టు పైనుంచి కింది వరకు వేలాడే లైఫ్‌లైన్ తాడు వాడాలి. దాని మీది ముడి మనిషితో పాటు జరుగుతుంది, పడితే బిగుసుకుంటుంది.

- రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. చేతిలో ఏదీ పట్టుకుని ఎక్కకూడదు.

- తుపాకీ, విల్లు, బ్యాగు తాడు కట్టి తర్వాత పైకి లాక్కోవాలి. తుపాకీలో తూటా ఉండకూడదు. గొట్టం మనిషి వైపు చూడకూడదు.

- సీజన్ మొదలవడానికి ముందు పగటిపూట, మరో మనిషిని తోడు తీసుకెళ్లి స్ట్రాప్‌లు, బోల్టులు, చెట్టు ఆరోగ్యం అన్నీ చూడాలి. చచ్చిన చెట్టుకు, వంగిన చెట్టుకు స్టాండ్ కట్టకూడదు.

- సీజన్ అయిపోగానే స్టాండ్ దించి ఇంటికి తెచ్చుకోవాలి. హార్నెస్ మీద ఉన్న గడువు తేదీ చూడాలి. చాలా కంపెనీలు ఐదేళ్లకు మార్చమంటాయి. ఒక్కసారి పడిన బరువు మోసిన హార్నెస్‌ను మళ్లీ వాడకూడదు.

- వాడుతున్న మోడల్‌ను వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ వెనక్కి పిలిచిందేమో చూసుకోవాలి. పాత స్టాండ్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

- ఏ చెట్టు దగ్గరికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో కచ్చితంగా చెప్పాలి. ఫోన్, విజిల్ వేలాడుతున్నా చేతికందే జేబులో ఉండాలి.

తాత కట్టింది... పీకేయాలా?

ఇంత తెలిసినా పాత మంచెలు ఎందుకు పోవడం లేదు? డబ్బు ఒక కారణం కావచ్చు గానీ, పెద్ద కారణం కాదు. వేట తుపాకీకి, లైసెన్స్‌కు, ప్రయాణానికి ఖర్చు పెట్టేవాడికి హార్నెస్ ఖర్చు భారమేం కాదు. అసలు కారణం వేరే. అది నాన్న కట్టిన మంచె. తాత కూర్చున్న చెట్టు. మొదటిసారి జింకను చూసింది అక్కడే. పీకేయడానికి చేయి రాదు.

మరో కారణం అలవాటు. నలభై ఏళ్లుగా ఎక్కుతున్నా, ఏం కాలేదు అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. మేకు విషయంలో ఈ లెక్క పనికిరాదు. నలభై ఏళ్లు ఏమీ కాకపోవడం మంచె గట్టిదని చెప్పే సాక్ష్యం కాదు. మేకు నలభై ఏళ్లుగా తుప్పు పడుతోందని చెప్పే సాక్ష్యం. గడిచే ప్రతి ఏడాదీ ధైర్యం పెరుగుతుంది, చెక్క బలం తగ్గుతుంది. ఈ రెండూ ఎదురెదురుగా వచ్చే రోజు ఒకటుంటుంది.

ఆ మంచె మీద మమకారం తప్పేం కాదు. తాత గుర్తుగా ఓ పలక ఊడదీసి ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు. మిగతాది దించేయడమే మేలు. ఎందుకంటే ఆ మంచె ఎక్కేది కట్టినవాడొక్కడే కాదు. అడవిలో ఆడుకునే పిల్లలకు చెట్టు మీద చెక్క మెట్లు కనిపిస్తే ఎక్కకుండా ఉంటారా?

తెలుగువాళ్లకు సంబంధమేంటి?

ఒహాయో, పెన్సిల్వేనియా, జార్జియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడ్డాయి. ఊరి అంచున, వెనకాల చెట్లున్న ఇల్లు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అలాంటి స్థలంలో పాత యజమాని వదిలేసిన మంచె ఉందేమో ఓసారి తిరిగి చూసుకోవడం మంచిది. చెట్టిల్లు అనుకుని పిల్లలు ఎక్కే అవకాశం ఉంది. కింది మెట్లు ముందు ఊడదీయించి, మిగతాది చెట్లు కోసే పనివాళ్లతో దింపించాలి. సొంతంగా ఎక్కి పీకే ప్రయత్నం అస్సలు చేయొద్దు.

ఇక వేట సరదా ఉన్నవాళ్లు ఓ విషయం గుర్తుంచుకోవాలి. స్టూడెంట్, వర్క్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటంపై అక్కడి ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. స్నేహితుడు రమ్మన్నాడని తెలుసుకోకుండా వెళ్తే ఇబ్బందే. వెళ్లినా, అతను చూపించిన చెట్టు ఎక్కేముందు ఆ మంచె ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని అడగడం నామోషీ కాదు.

మన తాటిచెట్టు చెప్పే పాఠం

ఈ కథలో మన ఊళ్లకు నేరుగా తగిలే ముక్క ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో వేట కోసం చెట్టెక్కేవాళ్లు లేరు. బతుకుదెరువు కోసం రోజూ ఎక్కేవాళ్లున్నారు. గీత కార్మికులు. ట్రీ స్టాండ్ కంటే ఎన్నో రెట్లు ఎత్తున్న తాటిచెట్టును మోకు సాయంతో రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగుతారు. మోకు జారినా, తెగినా ఏమవుతుందో ఆ కుటుంబాలకు చెప్పక్కర్లేదు. చనిపోయినవాళ్లు కొందరైతే, నడుము పడిపోయి మంచానికే పరిమితమైనవాళ్లు మరికొందరు.

ఈ ముప్పును తగ్గించేందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీన్ని ప్రారంభించారు. అమెరికా వేటగాడి హార్నెస్, మన గీత కార్మికుడి కవచం పనిచేసే సూత్రం ఒకటే. పట్టు తప్పినా నేల తగలకూడదు.

ఎదురయ్యే మాటలూ రెండు చోట్లా ఒకటే. తాతల కాలం నుంచి ఎక్కుతున్నాం, ఇవన్నీ కట్టుకుంటే పని సాగదు అని. అమెరికా అనుభవం చూపిస్తున్నది ఇదే. కిట్ ఇచ్చేస్తే పని అయిపోదు. స్టాండ్‌తో పాటు హార్నెస్ ఉచితంగా ఇస్తున్నా, దాన్ని డబ్బాలోనే వదిలేసి ఎక్కేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. నారింజ జాకెట్ విషయంలో ఫలితం వచ్చింది ఎందుకంటే నిబంధన, శిక్షణ, అలవాటు మూడూ కలిశాయి. చెట్టెక్కే విషయంలోనూ అదే దారి. ఎలా కట్టుకోవాలో నేర్పాలి, ఎప్పటికప్పుడు పాతది మార్చాలి, కట్టుకోకుండా ఎక్కనివ్వకూడదు.

పొలంలో మంచె వేసే రైతులకూ ఇదే వర్తిస్తుంది. అడవి పందుల భయంతో రాత్రంతా కాపలా ఉండేవాళ్లు పోయినేడాది గుంజలనే మళ్లీ వాడుతుంటారు. చెదలు పట్టేది నేల లోపల, కంటికి కనిపించని చోట. ఎక్కేముందు గుంజ మొదట్లో ఓసారి గునపంతో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. మెత్తగా దిగితే ఆ గుంజ మార్చాల్సిందే.

అమెరికాలో మళ్లీ సీజన్ వస్తుంది. మళ్లీ ఎవరో ఒకరు చీకట్లో టార్చిలైటు పట్టుకుని పాత ఓక్ చెట్టు కిందికి చేరతారు. పై పలక గట్టిగానే కనిపిస్తుంది. ఆ మెట్టు మీద కాలు పెట్టే ముందు, అందులో మేకు కొట్టి ఎన్నేళ్లయిందో ఒక్కసారి లెక్క వేసుకుంటే చాలు. లెక్క గుర్తురాకపోతే అదే జవాబు. ఎక్కకూడదు.